ఖాళీ అర

కంబళి గుడ్డ బల్ల మీద పరిచి
ఎర్నా ముడి విప్పుతుంది.
పన్నెండు అరలు, పదకొండు బరమా ములుకులు.

సారెమా దీవి మీద గాలి తగ్గి మూడు రోజులైంది.
గాలిమర తోక దూలం వదులైపోయింది, దానికి చీలలు కావాలి,
ఇనపవి కావు, జునిపెర్ కొయ్యవి.
చీలల కంటే ముందు చిల్లులు కావాలి.

కరెంటు డ్రిల్లు తెద్దామా అన్నాను.
ఎర్నాకు కుడిచెవి వినపడదు.
ధైర్యం చాలని మాటలన్నీ నేను ఆ వైపు నుంచే అంటాను.

"ముందు ముక్కు చూడు, పిల్లా."
ప్రతి ములుకు కొసనా ఒక బుల్లి మర.
చుట్లు ఎడం ఎడంగా ఉంటే అది పైన్‌కి.
పైన్ ఆబగా మింగుతుంది,
నాలుగు తిప్పులు తిప్పేసరికి అవతలి వెలుతురు కనిపిస్తుంది.
చుట్లు ఒత్తుగా, వేలికి చుట్టుకున్న దారంలా ఉంటే ఓక్‌కి.
చేవ తేరిన ఓక్
వెంట్రుకవాసి వెంట్రుకవాసి బేరమాడి గాని దారివ్వదు.

పైన్‌లో జిగురుంటుంది.
నడుమ కడ్డీ, దాని చుట్టూ ఒకటే మెలిక ఉన్నది తీసుకో,
పొట్టు తనంతట తాను పైకి నడిచొస్తుంది.
జంట మెలికలదానికి ఆ జిగురు గొంతుకడ్డం పడుతుంది.
కాని ఆపిల్ కర్ర తెచ్చావనుకో,
ఆ జంట మెలికలదే కావాలి,
అంచు మీద వేలు పెడితే వేలు జారాలి.

ఆస్పెనా? పీచు.
దానికి ఏది పెట్టినా ఒకటే.

కర్ర కొసన తొలవాల్సి వస్తే
పోగులన్నీ నీకు ఎదురుగా నిలబడి ఉంటాయి,
మరకు పట్టు దొరకదు.
అప్పుడు ఈ గరిటె ములుకు. నెమ్మదిగా. బతిమాలినట్టు.

పక్క గోళ్ళకు పదును లోపలివైపే పెట్టాలి.
ఆకురాయి ఒక్కసారి బయట తగిలిందా,
చిల్లు ఇరుకవుతుంది, ములుకు అందులోనే ఇరుక్కుంటుంది.

ఎనిమిదో అర ఎందుకు ఖాళీ అని
ఎడమచెవి వైపు నుంచే అడిగాను.
"పోయింది" అంది.

నిచ్చెనెక్కి, బరమా గుండు రొమ్ముకు ఆనించి,
ఓక్ దూలంలోకి ఒత్తుచుట్ల ములుకు దించాను.
తిప్పు తిప్పుకూ కిర్రుమంటోంది.
పొట్టు తేనెరంగులో రాలుతోంది,
పుల్లటి వాసన,
తర్వాత బూడిదరంగు,
తర్వాత సిరా ఒలికినట్టు నీలినలుపు.

"ఆపు!"

నేనింకా ఇనుము తాకలేదు.
ఆమె కింద నిలబడి
అరచేతిలోని నల్లపొట్టు చూస్తోంది.
"లోపల ఇనుముంటే ఓక్ ఇలాగే నల్లబడుతుంది.
అదే నా ఎనిమిదో నంబరు."

పందొమ్మిదేళ్ళప్పుడట.
సాయంత్రం నాట్యానికి వెళ్ళాలని తొందర,
చేతికందిన పైన్ ములుకు ఓక్‌లో దించింది.
అది టప్పున విరిగింది.
మీద చీల కొట్టేసింది.
తమ్ముడు ప్రీడు పారేశాడని నాన్నకు చెప్పింది.

నాన్న కొట్టలేదట.
ఆ కోతలకాలమంతా
భోజనాల దగ్గర ప్రీడు వైపు రొట్టె జరపలేదట, అంతే.

"ప్రీడుకు తెలుసా?"
"తెలియకేం? హెరింగ్ పడవలెక్కి ఎక్కడెక్కడో తిరిగాడు,
ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు.
మాటలేం రాసేవాడు కాదు,
ఒక్క ఎనిమిది అంకె వేసేవాడు."
నవ్వింది. నవ్వుతూ ముక్కు తుడుచుకుంది.
"రెండేళ్ళయింది, రావడం లేదు."

పొట్టు దులిపేసుకుని, బల్లమీద గుడ్డ సరిచేసి అంది:
"రెండంగుళాలు పక్కకు జరుగు.
అదే ములుకు. తొందరపడకు."

జరిగాను. తిప్పాను.
మీ నాన్నకు ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను,
కుడిచెవి వైపు నుంచి.

ములుకు కొస అవతలి పక్క
సూదిమొనంత పొడుచుకొచ్చింది.
అక్కడితో ఆపాలి, లేకపోతే చెక్క పేలిపోతుంది.
వెనక్కి తిప్పి తీసి,
నిచ్చెన దిగి, దూలం చుట్టూ తిరిగి వెళ్ళి
అటువైపు నుంచి మొదలుపెట్టాను.