ఆరున్నర రీడింగు

ఆరున్నరకి రీడింగు రాయడం నా పని.
సింహాచలం కొండ వెనక్కి పొద్దు దిగుతుంటుంది,
మేడల మీద నీలం పలకలు
ఒక్కొక్కటే చేతులెత్తేస్తుంటాయి.
సరిగ్గా అప్పుడే
ఊళ్ళో జనం ఇంటికొచ్చి, చెప్పులు విప్పి,
ఏసీ రిమోట్ వెతుక్కుంటారు.
ముల్లు పైకి లేస్తుంది.
ట్రాన్స్‌ఫార్మర్ గొంతు మారుతుంది.
తొమ్మిదేళ్ళుగా వింటున్నాను,
బస్తా భుజానికెత్తుకున్న హమాలీ మూలుగు అది.

తమ్ముడు పైడిరాజు ఆ పలకలు బిగిస్తాడు.
"బొగ్గు పని అయిపోయిందక్కా.
ఎండ మన సొమ్ము. దానికి ఓడ అక్కర్లేదు, రేవు అక్కర్లేదు."
ముడసర్లోవలో నీళ్ళ మీద తేలే పలకల్ని
పెళ్ళిచూపులకి తీసుకెళ్ళినట్టు
మమ్మల్నందర్నీ తీసుకెళ్ళి చూపించాడు.
దాలినాయుడు మావ కొంగల్ని చూసొచ్చాడు.

మావ స్టీల్ ప్లాంటు కోక్ ఒవెన్ల దగ్గర
ముప్పై ఏళ్ళు ఉడికినవాడు.
"ఒరే, నీ పలకకి బిగించిన ఇనపకమ్మీ
ఏ ఎండకి కరిగిందిరా?
కొలిమి రాత్రి పడుకోదు.
పడుకుందా, మళ్ళీ లేవదు."
అని దగ్గుతాడు.
ఆ దగ్గు కూడా వాదనే,
ఎటువైపుదో మాత్రం ఆయనకే తెలీదు.

ఆదివారం కోనాం పులుసు ముందు పెట్టుకుని ఇదే గొడవ.
బేటరీలు అంటాడు వీడు. ఎంతసేపు అంటాడాయన.
"పగలు నీళ్ళు కొండెక్కించి రాత్రికి దించుతారు మావా."
"ఆ కొండ మీద మనుషులెవరూ లేరేటి?"
వీడు కాసేపు ముళ్ళు తీసుకుంటూ ఉండిపోయాడు.
తర్వాత తలెత్తకుండానే,
"జ్ఞానాపురంలో పిన్ని ఆరేసిన చీర
సాయంత్రానికి ఎందుకు నల్లబడతాదో చెప్పు."
మావ మజ్జిగ అడిగాడు.

నన్నెవరూ అడగలేదు.

హుద్‌హుద్ తర్వాత, ఆ చీకటి రోజుల్లో,
ఊరి మీద ఇన్ని చుక్కలున్నాయని తెలిసిందని
ఇప్పుడు మురిపెంగా చెప్పుకుంటారు.
నాకు ఆరో అంతస్తుకి నీళ్ళు మోసిన మెట్లు గుర్తు,
బిందెకి ఇరవై రూపాయలు.
ఇన్సులిన్ సీసాకి ఐసుముక్క కోసం
వీధి వీధీ తిరిగిన పక్కింటావిడ గుర్తు.
చుక్కలు ఆవిడ చూళ్ళేదు.
అంచేత కరెంటు లేకుండా బతికేద్దాం అనే మాట
నా దగ్గర చెల్లదు.

కాని లోడు మించిన రోజు
పైనుంచి ఫోనొస్తుంది: "నాలుగు తీసెయ్."
నాలుగో ఫీడరంటే జాలరిపేట.
ఐసుపెట్టెలు, రేకుల ఇళ్ళు, ఇంటికో ఫ్యాను.
రెండు తీయమని ఎప్పుడూ అనరు.
రెండంటే సముద్రానికెదురుగా
కిటికీ తెరవని ఫ్లాట్లు.
గాలి ఊరికే వచ్చి
అద్దాన్ని తడుముకుని వెళ్ళిపోతుంటుంది.

ఒక రాత్రి తోచక లెక్కేశాను.
రెండులో వాళ్ళు పద్దెనిమిది మీదున్న ఏసీని
ఇరవయ్యారుకి జరిపితే చాలు,
నాలుగు ఆరక్కర్లేదు.
ఈ లెక్క రాయడానికి రిజిస్టర్లో గడి లేదు.
ఎండ చాలుతుందా, చాలదా అంటారు మా ఇంట్లో.
ఎవరికెంత అన్న మాట
పులుసు అయిపోయినా రాదు.

నిన్న నాలుగు తీశాక ఫోను మోగింది.
మైలపల్లి ఎర్రమ్మ. ఎప్పుడూ తిట్టే మనిషి, నిన్న నవ్వింది.
"ఏటమ్మా, ఇయ్యాల పోయింది ఎండ కరెంటా, బొగ్గు కరెంటా?
ఏదయితేనేటిలే, పోయేది మాదే గదా.
ఐసు కరిగిపోతంది, బేగి ఇయ్యి."

ఏడున్నర రీడింగు రాశాను.
నాలుగో గడిలో సున్నా.
సున్నా పక్కన కారణం రాయడానికి
వేలెడు చోటుంటుంది.
పెన్ను అక్కడే ఆగిపోయింది.
రెండో నంబరు ముల్లు
కదలకుండా నన్నే చూస్తోంది.