అంచు మీది గీత

కాశిబుగ్గ టాకీసుల ఇరవై ఆరేండ్లు
చిన్న కిటికీల నుంచే సూసిన సినిమా.
కిందోళ్లకు కనిపించేది కథ,
నాకు కనిపించేది చుక్క.
కుడి మూలన చుక్క పడంగనే రీలు మార్చాలె.
ఆ చుక్కకు ఇవుతలనో అవుతలనో
ఓదెలు వస్తుండె.

కుడికాల ఓదెలు.
ఆజంజాహి మిల్లుల తెగిన దారం అతికే పని,
రాత్రయితే కార్మికుల నాటకంల రాజు యేషం.
సైరన్ కంటె గట్టిగ పద్యం ఎత్తుకుండని
మేస్త్రి ఒకసారి సగం రోజు కూలి కోసిండట.
ఆ గొంతును నమ్ముకునే మద్రాసు బండెక్కిండు.

టైటిల్ కార్డు మీద 'ఓబులు' అని పడ్డది.
మొదటి సినిమాకు ఓబులే
నలభయ్యో సినిమాకు ఓబులే.
సరిజెయ్యుమని అడిగితె
వచ్చే యేషం పోతదేమోనని భయం.

ఇరవై నాలుగ్గంటలు గడిస్తేగాని చెప్పలేమన్న డాక్టరు
సుత్తె కొట్టి ఆర్డరార్డరన్న జడ్జి
టెలిగ్రాం ఇచ్చి తలొంచుకున్న పోస్టుమాను
ఇంటర్వెల్లుకు ముందు ఎద పట్టుకొని కూలిన తండ్రి.
రోజుకు నాలుగాటలు, నాలుగు సావులు.

గిర్మాజిపేట నుంచి నడుచుకుంట వచ్చేది వాళ్లవ్వ.
సావు సీను ముంగటనే లేసిపోయి
మెట్ల మీద కూసుండేది.
"అయిపోయిందా బిడ్డా?" అని గేటోన్ని అడిగి
కొంగుతోని మొఖం తుడుసుకొని మళ్ల లోపటికి.
ఒకనాడు పైకెక్కొచ్చి నన్నే అడిగింది:
"మొఖం మావోనిదే గని,
మాట్లాడేదెవలు కొడుకా?"

ఏం చెప్పాలె?
యాస తేడా అన్నరట.
పెదవులు ఓదెలువి,
మాట మద్రాసు అద్దాల గదిల ఎవలిదో.

ఒక్కసారి, ఒకే ఒక్క సినిమాల
మూతబడ్డ మిల్లుకు వాచుమన్ యేషమిచ్చి
"నీ మాటనే మాట్లాడు" అన్నడట డైరెక్టరు.
అరవై అడుగుల ఫిల్ము, నలభై సెకండ్లు.
రెండు దినాలు ఆడింది.
మూడోనాడు పొద్దుగాల డిస్ట్రిబ్యూటర్ మనిషొచ్చి
"లెంతెక్కువైంది, ఆ ముసలోని సీను లేపెయ్" అన్నడు.
నా చేతులతోనే కోసిన.
అంచులు గీకి, సిమెంటు రాసి, అదిమి పట్టిన.
ఓదెలు దారం అతికినంత సక్కగ అతికిన,
అతుకున్నట్టు ఎవలికీ తెల్వదు.

తర్వాత టీవీలొచ్చినయి.
సీరియల్ల పక్షవాతం తాత, చక్రాల కుర్చీ.
తొమ్మిదొందల ఎపిసోడ్లు ఒక్క మాట లేదు,
కండ్లతోనే కోడండ్ల మీద కోపం.
హన్మకొండ కూరగాయల మార్కెట్ల
ఒకామె వంకాయలు కింద పారేసి
"నడుస్తున్నవా తాతా!" అని కాళ్లు మొక్కింది.
ఆయన ఏమనలేదు.
కుర్చీలకెళ్లి లేసినట్టే నవ్విండట.

ఆఖర్ల మన యాసకు గిరాకొచ్చింది.
హైదరాబాదుకు పిలిచిన్రు,
హీరోకు మాటలు నేర్పెతందుకు.

మొన్న బేస్తారం ఇంటికొచ్చిండు.
ఎనభై ఒకటి. చేతుల రస్కుల పొట్లం.
బిస్కెట్ల డబ్బ తీసి ముందల పెట్టిన.
రంగులన్నీ పోయి ఫిల్మంతా ఎర్రబారింది.
మిషను ఎప్పుడో తుక్కుల పోయింది,
టాకీసు జాగల ఫంక్షన్ హాలు.
దర్వాజ కాడ ఎండకు ఎత్తి పట్టుకున్నడు.
"గీ అంచుకు వంకరగ పారిన గీతేంది?"
"అదే నీ గొంతన్నా."

బొటనవేలి గోరుతోని
ఆ గీత పొంటి మెల్లగ పోయిండు.
"ఏమన్న్నో యాదికొస్తలేదు. నువ్వన్న విన్నవా?"
మిషను చప్పుడుల నేను కూడ సరిగ వినలే.

"మా అవ్వ విన్నదా?"

ఆమె వచ్చింది మూడోనాడు, మ్యాట్నీకి.
ఈ సినిమల సావు లేదవ్వా అని నేనే చెప్పిన.
మెట్ల మీదికి పోకుంట చివరిదాంక కూసుండి
"మావోడేడి?" అన్నది.

"విన్నది," అన్న.
"రెండాటలు విన్నది."

గోరు గీత మీదనే ఆగింది.
వాకిట్ల ఎవలో బండి స్టార్టు చేసిన్రు.