ఆ మాటకి తెలుగు

బ్రాడీపేట నాలుగో లైను, మేడమీద క్లాసు.
కింద ఇడ్లీ బండి ఆవిరి
ఫీజు కట్టకుండానే వచ్చి కూర్చుంటుంది.
రూతు మేడం బోర్డు మీద రాసింది:
హోప్‌ఫుల్లీ.
"దీనికి తెలుగేంటి?"

డిక్షనరీ తెచ్చుకున్న కుర్రాడు
"ఆశాజనకంగా" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు గానీ
ఆ మాట గంజి చొక్కా వేసుకుని
తెలియని వాళ్ల పెళ్లికొచ్చినట్టు
ఓ మూల నిలబడిపోయింది.

పగలు నేను మిర్చి యార్డులో గుమాస్తాని.
కొలంబో పార్టీకి ఇంగ్లీషులో మెసేజీలు కొడతాను.
హోప్‌ఫుల్లీ, లోడు గురువారం బయల్దేరును.
లారీ రాలేదు. డ్రైవరు ఫోనెత్తడు.
ఆ ఒక్క మాట ముందు పెడితే
అబద్ధం మజ్జిగలా పలచబడుతుంది.

రెండు వాడుకలు, అంది మేడం.
అతను ఆశగా చూశాడు: ఇక్కడ ఆశ అతని కళ్లలో ఉంది.
రెండోచోట వాక్యమంతటికీ గొడుగు.
ఆ గొడుగు పట్టుకున్నదెవరో మాత్రం ఇంగ్లీషు చెప్పదు.

నాకు మధ్యాహ్నం గుర్తొచ్చింది.
క్రోసూరు అంకాలు
ముప్పై రెండు టిక్కీలు దించి
వాటి నీడలోనే కునుకు తీసి లేచాడు.
మబ్బు చూసి, "వాన ఆగాలి" అన్నాడు.
నన్ను చూసి, "రేటు రావాలి" అన్నాడు.
కూతురికి ఫోన్ చేసి, "పరీక్షకి పోవాలి" అన్నాడు.
మూడిటికీ అదే తోక.
ఏది హుకుం, ఏది మొక్కు
వ్యాకరణం చెప్పలేదు,
అతని గొంతు చెప్పింది.

హమాలీ మౌలాలి బస్తా కింద నుంచే
"ఇన్షా అల్లా" అని తుమ్మాడు.
యార్డులో తుమ్ముని శకునమనుకుంటే
ఒక్క కాయ అమ్ముడుపోదు.

చెయ్యెత్తాను.
"మేడం, తెలుగులో దానికి మాట లేదు. తోకుంది. ఆలి."
"ఆలంటే పెళ్లాం కదా!" వెనక బెంచీ.
మేడం కూడా నవ్వింది.
నవ్వుతూనే బోర్డు మీద రాసుకుంది,
కరెంటు పోయింది.

మర్నాడు రేటు కదల్లేదు.
అంకాలు సరుకు కోల్డు స్టోరేజీకి తోలించి
రసీదు నాలుగు మడతలేసి జేబులో పెట్టుకున్నాడు.
ఏమీ అనలేదు.

నేను కొలంబోకి మెసేజీ మొదలెట్టాను.
హోప్‌ఫుల్లీ, కామా.
వేలు అక్కడే ఆగింది.
ఈ కామా దగ్గర
ఎవరో ఒకరు
పేరు చెప్పి నిలబడాలి.