వాష్లి

కుతాయిసిలో, రియోని వంతెన పక్క
మెట్ల కింది గది నాది.
నుగ్జార్ వచ్చి కూర్చున్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.
విందుల్లో గిన్నె ఎత్తి గంటసేపు మాట్లాడే మనిషి
ఆరేళ్లుగా తాగడానికే నోరు తెరుస్తున్నాడు.

పాత ఫోటో ఒకటి తెమ్మన్నాను.
తన పెళ్లిలోనూ పెదవులు బిగించే ఉన్నాడు.

సరే, ఇక మొహాన్నే అడగాలి.
మొహం చూసి బొట్టు పెట్టడం తప్పంటారు గానీ
పళ్లు మొహం చూసే పెట్టాలి.

కనుపాపల మీదుగా దారం పట్టాను.
ఎడమ కన్ను గోధుమగింజంత కిందికి ఉంది.
ఆ వాలుకి పూర్తిగా లొంగితే నవ్వు జారిపోతుంది,
కాదంటే ఎరువు తెచ్చుకున్నట్టుంటుంది.
నడుమ ఎక్కడో ఆగాను.
ముక్కుని నమ్మలేం, కుర్రతనపు కుస్తీలో
ఎవడో దాన్ని కుడికి పంపించాడు.
ముక్కు కింద, పై పెదవి మీది చిన్న కాలువ ఒక్కటే
నిక్కచ్చిగా నిలబడింది. నడిగీత అక్కణ్ణుంచే దించాను.
కోరపళ్ల చోటు ముక్కుపుటాలు చెప్పాయి.
పలక దవడ, మూలలు మరీ అరగదీయకంది.
అంచుల వంపు కింది పెదవిని చూసి రాసుకున్నాను.

మైనంలో అమర్చాక 'ఫ' అనిపించమంటుంది పుస్తకం.
మా భాషలో ఆ అక్షరమే లేదు.
"వాష్లి అను" అన్నాను. ఆపిల్.
"వాష్లి" అన్నాడు.
పై పళ్ల అంచు కింది పెదవి తడిని
తాకీ తాకనట్టు తాకింది.

అద్దం ఇచ్చాను.
చాలాసేపు చూసుకున్నాడు.
"బాగున్నాయి" అన్నాడు, "ఎవరివి?"

నా దగ్గర జవాబు లేదు.
గొడుగుతో మెట్ల మీద కూర్చున్న చెల్లెలు త్సియాలా
ఆ మాట విని పగలబడి నవ్వింది.
ఆవిడ నడిమి పళ్ల పక్కన, ఎడమవైపు,
ఒక పన్ను కొంచెం తిరిగి ఉంది,
గుమ్మం చాటునుంచి తొంగిచూసే పిల్లలా.
పెదవి మీద అదే కాలువ.

"ఇంకోసారి నవ్వమ్మా" అంటే సిగ్గుపడి మూతి మూసేసింది.
ఫర్వాలేదు. చూడాల్సింది చూశాను.
దీపం వెలిగించి కత్తి మొన వేడిచేసి
నేను అంత శ్రద్ధగా తిన్నగా నిలబెట్టిన పంటిని
కొద్దిగా పాడుచేశాను.

ఈసారి అతనికి అద్దం ఇవ్వలేదు, ఆమె వైపు తిప్పాను.
"వీడే" అంది ఆమె.
"దవీతి తోటలో ఆపిళ్లు దొంగిలించి
తొడిమెలు నా జేబులో పెట్టినవాడు వీడే."

అతని చెయ్యి అలవాటుగా నోటికేసి లేచి
గిన్నె పట్టుకున్నట్టు గాల్లోనే ఆగింది.

మైనం ఇంకా మెత్తగానే ఉంది, నవ్వకు నవ్వకు
అని అరుస్తూనే ఉన్నాను నేను.