తాత్కాలికం

"ఏటైనాదో సూడు బావా,
ఒక్క పేజీ తెరుసుకునేసరికి
గారెలు ఒక వాయి ఏగిపోతన్నాయి"
అంది నీలమణి.

కూర్చున్నాను. సోంపేటలో మిట్టమధ్యాహ్నం, కరెంటు ఉంది.
సెట్టింగుల లోలోపల, ఎవరూ ఊడ్వని గదిలో
తాత్కాలిక ఫైళ్ళు, పదకొండు వేల చిల్లర.
జీడిపిక్కల ధర. చిన్నదాని హాల్ టికెట్టు సగం.
ఎవరిదో జాకెట్టు మెడ.

వాటి కింద తుఫాను.
తెల్లటి సుడి, నడుమ నల్లటి కన్ను.
పది నిమిషాలకొకటిగా నలభై రెండు బొమ్మలు,
ఆ రాత్రి మేం చూసింది చూసినట్టే దాచిపెట్టింది.
ప్రతి బొమ్మలోనూ గింజంత దగ్గరికి.
ఆఖరిది పైనుంచి సగమే దిగింది,
కన్ను దాకా రాలేదు.
కరెంటు పోయిందప్పుడే.
ఆ తరవాతిది మాకు చెవులతోనే తెలుసు.

కూలిన కొబ్బరిచెట్ల చోట నాటినవి
ఇంకా నా మోకాలెత్తే.

"అన్నీ తీసేయమంటావా?"
"పనికొచ్చేవా?"
"కాదు."
"మరి ఏటలా సూత్తన్నావు?"

నొక్కాను.
పదకొండు వేలూ పోడానికి
ఒక్క గారె తిరగేసినంత సేపు పట్టలేదు.

పేజీ చటుక్కున తెరుచుకుంది.
చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి
నీలమణి మొదట చూసింది
వాతావరణం.