ఎడమ కాలు

బిదియాల తారురోడ్డు ఆగిపోయిన జాగల
మా రేకుల షెడ్డు.
దాని ఎనుక ఇసుకే ఇసుక, ఎర్రగ,
కల్లంల పోసి మరిచిపోయిన వడ్ల కుప్పల లెక్క.

ఇయ్యాల పొద్దుగాల్ల రెండు కార్లొచ్చినయి.
ఒకటే కంపిని, ఒకటే ఏడు, ఒకటే తెలుపు.
రెండిటి ఎనుక డోరు మీద ఒకటే రాత:
నాలుగు చక్రాలూ గుంజుతయని.
"రెండూ ఒక్కటే గద అన్నా" అన్నడు భూమేశు,
మొన్ననే సలాలా నుంచి మారొచ్చినోడు.

కిందికి దూరు భూమేశూ. టార్చి పట్టు.

ఇది గేర్లది, షమ్సా అమ్మది.
ఈ డబ్బా ముట్టి చూడు. పైలం, కాలుతది.
లోపట పల్చటి రేకులు,
రేకుల నడుమ చిక్కటి నూనె.
ముందటికి సగం, ఎనుకకు సగం,
నలుగురు పెద్దమనుషులు కూసోని చెలక పంచినట్టు.
దీనికి కండ్లు లేవు, తీగెలు లేవు.
ముందటి చక్రం ఉత్తగ గిర్రున తిరిగిందనుకో,
రేకులు రాసుకుంటయి, నూనె కాగుతది,
కాగినకొద్దీ బిర్రుగైతది.
నెయ్యి కరుగుతది, లక్క కరుగుతది,
ఆగస్టుల ఈ షెడ్డు కింద మనిషే కరుగుతడు.
ఇదొక్కటే వేడికి గట్టిపడి
తిరుగుతున్నదాని చెయ్యి పట్టుకొని
ఆగినదాన్ని లేపుతది.

గిది హమూద్‌ది, ఆమె తమ్ముని కొడుకుది. ఆటోమేటిక్కు.
దీంట్ల సగాల లెక్క లేదు.
బలమంత ముందటికే, ఎనుకకు చిటికెడు.
మంచి రోడ్డు మీద ఎనుక చక్రాలు
పెండ్లికొచ్చిన చుట్టాలు, పని చెప్పవు వాటికి.
కంప్యూటరు మాత్రం నాలుగు చక్రాల నాడి పట్టుకొనే ఉంటది.
ఒకటి జారంగనే, ఒక్కోసారి జారకముందే,
నీ కాలు ఎంత తొక్కిందో చూసి
లోపటి ప్లేట్లను బిగిస్తది,
ఇడుస్తది, మళ్ళ బిగిస్తది.
తెలివిగల్లది. నీ తప్పును నీకు తెల్వకుంటనే దిద్దుతది.
క్లచ్చు మాడుడు లేదు, వాసన లేదు.
కాని మెత్తటి ఇసుకల గంటసేపు కొట్లాడినంక
ఒక పసుప్పచ్చ లైటు ఎలిగించి కూలబడుతది.
ఎందుకంటె చెప్పది.

సిరిసిల్లల నేను సాంచ నడిపిన తొమ్మిదేండ్లు.
పోగు తెగితె నేనే చూసుకోవాలె, నేనే ముడెయ్యాలె.
తర్వాత కొత్త సాంచలొచ్చినయి,
పోగు తెగితె వాటంతటవే ఆగేటివి.
అవి ఆగుడు నేర్చుకున్నయి,
నేను ఈడ తేలిన.

మొన్న శుక్రవారం హమూద్ లోపట చిక్కిండు,
లైటు ఎలిగి, బండి అలిగి, ఫోన్ల ఒక్క గీత ఉండంగ.
అరవై దాటిన మేనత్త పోయింది.
టైర్ల గాలి పదిహేనుకు దించింది,
బుర్ఖా బిగించి కట్టుకున్నది,
తాడు కట్టి, సగం క్లచ్చు మీద
ఇంచు ఇంచు గుంజుకొచ్చింది.
ఆ మాడు వాసన ఇంకా సీట్లల్ల ఉన్నది, చూడు.

"అయితె ఏది మంచిదన్నా?"

ఏమో. బిల్లు నువ్వే రాసినవు గద.
వానికి నూనె మారిస్తె సరిపాయె,
ఆమెకు క్లచ్చుప్లేటే పోయింది.
గుంజినదానికే బిల్లు ఎక్కువైంది.

నాకైతె ఇగ ఎంచుకునేది లేదు.
రెండేండ్ల కింద జాకీ జారి
ఎడమ మోకాలు నలిగిన కాడికెళ్ళి
అర్బాబు నాకు ఆటోమేటిక్కే ఇచ్చిండు.
మంచోడు. బండీ మంచిదే.
కాని బాగుచేసిన కారును పరీక్షకు తోలినప్పుడు
ఇసుక మెత్తబడి స్టీరింగు తేలికైన చోట
ఈ కాలు దానంతటదే లేస్తది,
లేని క్లచ్చును తొక్కుతది,
ఉత్త రబ్బరు చాప మీద, గట్టిగ.

చక్రం జారితె తెలుస్తది బండికి,
ఎంత జారిందో ఏ మూలకు జారిందో తెలుస్తది.
ఈ కాలు ఏం అడుగుతున్నదో తెల్వది.
దీని కింద తీగె లేదు.

గా పదిహేడో నంబరు పానా ఇటియ్యి.