చెల్లని వేళ్లు

ఎల్లబారకముందే విడవలూరు గుంటల గట్లమ్మట తిరిగి
రొయ్య రేటు రాసేవాణ్ణి:
వంద కౌంటు ఇంత, నలభై కౌంటు ఇంత.
ఆ అంకెల పక్కన ఎవరెవరో అద్దెకుండేవాళ్లు.
జుట్టు నూనె, అప్పుల యాప్,
ఒకసారి రొయ్యలు తినొద్దనే డాక్టరు కూడా.
ఎవరని నేనడగలా.
నెలకోసారి బ్యాంకు మెసేజి మోగేది,
పాప స్కూలు వ్యాను అందులోంచే నడిచేది.

పెంచలయ్య టీకొట్లో నోరు జారినా:
"ఆ బొమ్మ నొక్కితే నాకు డబ్బులు."
ఇంకేముంది,
రాత్రిళ్లు ఏరియేటర్ల కాడ కాపలా పిల్లోళ్లు
మేత చేతులు లుంగీకి తుడుచుకుని
"మనోడే కదరా" అంటా
నొక్కినారు, నొక్కినారు.

నాలుగో రోజు ఉత్తరం.
సంతకం లేదు, ఊరు లేదు.
చెల్లని క్లిక్కులంట. ఖాతా మూసేశారంట.
పోయి అరుద్దామంటే
గడప ఏది?

తెల్లమచ్చ తగిలిన గుంట నయం,
ముందురోజే మేత మానేసి చెప్తుంది.
ఒక్క గుంటనే నమ్ముకోబాకండని
రైతులకు రాసింది నేనే,
మూడుసార్లు.

పొద్దున టీ అందిస్తా పెంచలయ్య
చెవిలో అడిగినాడు:
"అబ్బయా, రాత్రి నేనొక్కణ్ణే రెండొందలు నొక్కినా.
పడినాయా?"

పడినాయన్నా.

గ్లాసు కాలతా ఉంది,
ఈ చేతిలోంచి ఆ చేతికి.